కండలేరు ఒడ్డున టైగర్

నెల్లూరు జిల్లాలో కృష్ణపట్నం దగ్గర కండలేరు సముద్రంలో కలుస్తుంది. కలిసే ముందు చాలా దూరం దానికి సముద్రపు నడకే. పోటు వేళ ఉప్పునీరు లోపలికి ఎక్కుతుంది, పాటు వేళ దిగిపోతుంది. ఒడ్డు వెంట మడచెట్లు, వాటి వెనక చవిటి పర్ర, ఇంకా వెనక వరికయ్యలు. ఆ పర్రకు అంతకుముందు ఎవరూ పెద్దగా వెల కట్టలేదు. వరి పండదు, మెట్ట పైరు నిలవదు. పడవలు లాగిపెట్టుకోవడానికి, వలలు ఆరేసుకోవడానికి మత్స్యకారులకు మాత్రం అది కావాలి.

అలాంటి నేల మీద 1990ల మొదట్లో ఒక రాజ్యం లేచింది. నాలుగైదేళ్లు ఏలింది. ఒక్క చలికాలంలో కూలింది. ఆ రాజ్యానికి రాజు టైగర్ రొయ్య. ఇప్పుడు ఇరవై ఏళ్ల వయసున్న నెల్లూరు కుర్రవాడికి రొయ్య అంటే వెనామీయే. టైగర్ పేరు చెబితే ఇంట్లో పెద్దవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. కొందరు ఆ రోజుల్లో కట్టిన ఇల్లు చూపిస్తారు. కొందరు ఆ రోజుల్లో అమ్ముకున్న పొలం వైపు చూపిస్తారు. రెండూ ఒకే కుటుంబంలో ఉండటం కూడా కద్దు.

టైగర్ మన సముద్రపు బిడ్డ. శాస్త్రజ్ఞులు పీనియస్ మోనోడాన్ అంటారు. పెంపకంలో ఉన్న ఉప్పునీటి రొయ్యల్లో ఇంత పెద్దది లేదు. సముద్రంలో బాగా ఎదిగిన ఆడ రొయ్య అడుగు పొడవు ఉంటుంది. ఒంటి మీద ముదురు రంగు పట్టెలు, నీటిలోంచి తీయగానే మెరిసే పెంకు. అది గుడ్లు పెట్టేది లోతు సముద్రంలో. పిల్లలు అలల వెంట ఒడ్డుకు చేరి, పాయల్లోకి ఎక్కి, మడచెట్ల వేళ్ల మధ్య మేసి పెరిగి, ఈడొచ్చాక మళ్లీ సముద్రంలోకి పోతాయి. అంటే కండలేరు లాంటి పాయ టైగర్‌కు పుట్టిల్లు కాకపోయినా పెంచిన ఇల్లు. దాని రాజ్యం అక్కడే లేవడం, అక్కడే కూలడం నన్ను ఎప్పుడూ కలవరపెట్టే సంగతి.

తొలి రోజుల్లో పిల్లలు ప్రకృతి నుంచే వచ్చేవి. పాయల్లో నడుము లోతు నీటిలో దిగి, సన్నని వలలతో ఆడవాళ్లు, పిల్లలు రొయ్య పిల్లలు పట్టేవారు. తెల్లటి పళ్లెంలో నీళ్లు పోసి టైగర్ పిల్లను ఏరి, మిగతా చిన్న జీవాలను ఒడ్డున పారబోసేవారు. అలా పారబోసిన వాటిలో రేపటి చేపలు, పీతలు ఎన్ని ఉండేవో. ఆ పిల్లలతో వంద ఎకరాలు నింపవచ్చు, వేల ఎకరాలు నింపలేం. అందుకే హేచరీ రావలసి వచ్చింది.

రొయ్యను మనిషి చేతుల్లో పుట్టించిన విద్య జపాన్‌ది. 1930లలో ఫుజినాగా అనే శాస్త్రజ్ఞుడు అక్కడి కురుమా రొయ్య చేత తొట్టిలో గుడ్లు పెట్టించి, పిల్లల్ని పెంచి చూపించాడు. ఆయన దగ్గర నేర్చుకున్న తైవాన్ శాస్త్రజ్ఞుడు లియావో 1968లో టైగర్‌కు అదే పని సాధించాడు. మన దగ్గరకు ఆ విద్య 1980ల చివర వచ్చింది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, ఎంపెడా, ఫ్రెంచి పరిజ్ఞానంతో విశాఖపట్నంలో ఒక హేచరీని, అమెరికా పరిజ్ఞానంతో ఒడిశాలోని గోపాలపూర్‌లో ఇంకొకదాన్ని నెలకొల్పింది. వాటిని చూసి ప్రైవేటు హేచరీలు తీరం పొడవునా లేచాయి.

హేచరీలో జరిగేది వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. సముద్రంలో ట్రాలర్లు పట్టిన గుడ్ల తల్లిని ప్రాణంతో ఒడ్డుకు తెస్తారు. విశాఖ, కాకినాడ రేవుల్లో ఆ తల్లుల కోసం పోటీ పడి పాట పాడేవారు. ఒక్కో తల్లి వేల రూపాయలు పలికేది. పుష్టిగా ఉండీ గుడ్లకు రాని తల్లి అయితే దాని ఒక కంటి కాడను చిదిమేస్తారు. గుడ్లు పెరగనీయకుండా ఆపే రసం ఆ కాడలోనే ఊరుతుంది కనుక, కాడ పోతే కొద్ది రోజుల్లోనే అండాశయం నిండుతుంది. రాత్రివేళ, చీకటి తొట్టిలో, తల్లి ఒక్క విడతలో లక్షల గుడ్లు వదులుతుంది. పన్నెండు, పదిహేను గంటల్లో అవి పొదుగుతాయి. తొలి రెండు రోజులు పిల్లకు మేత అక్కరలేదు, తన ఒంట్లోని సొనతోనే బతుకుతుంది. ఆ తరవాత కంటికి కనబడని పచ్చటి నాచు కావాలి. దాని తరవాత ఆర్టీమియా అనే చిన్న జీవి. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి డబ్బాల్లో వచ్చే దాని గుడ్లను ఇక్కడ పొదిగించి ఆ పిల్లల్ని ఈ పిల్లలకు పెడతారు. ఇన్ని దశలూ దాటి వెంట్రుక ముక్కలా ఈదే పిల్లను ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, ఎండ పడకుండా రాత్రికి రాత్రి లారీల్లో గుంటలకు చేరుస్తారు. రైతు దాన్ని సీడ్ అంటాడు.

ఈ వర్ణన ఇంత పొడుగ్గా రాయడానికి కారణం ఉంది. తరవాత వచ్చిన చావు ఈ తొట్టిలోంచే బయల్దేరింది.

1991 తరవాత దేశం తలుపులు తెరిచింది. డాలర్లు తెచ్చే పంట ఏదైనా ముద్దే. జపాన్ వాళ్లు మన టైగర్‌ను ఇష్టపడి కొన్నారు, అమెరికా కొన్నది. కిలోకు ముప్ఫై తూగే రొయ్య, అంటే 30 కౌంట్, రైతుకు అంతకుముందు ఏ పంటా ఇవ్వని ధర ఇచ్చింది. సీడ్ వేసిన నాలుగు, ఐదు నెలల్లో డబ్బు చేతికి వచ్చేది. నాలుగెకరాల గుంటతో ఒక పట్టుబడిలో కూతురి పెళ్లి చేసినవాళ్లు, రెండో పట్టుబడికి జీపు కొన్నవాళ్లు ఊరూరా కనబడ్డారు. ఇది చూసినవాడు ఊరుకోగలడా? చవిటి పర్ర అయిపోయాక వరికయ్యల మీద పడ్డారు. డాక్టర్లు, లాయర్లు, పంతుళ్లు, హైదరాబాద్, మద్రాసులలో ఉద్యోగాలు చేసేవాళ్లు లీజుకు తీసుకున్నారు. షేర్లు అమ్మి జనం దగ్గర కోట్లు సేకరించిన పెద్ద కంపెనీలు వందల ఎకరాల్లో దిగాయి. వాటి వెనక బ్యాంకులు. మేత తయారీవాళ్లు, మందులవాళ్లు, ఏరియేటర్లు అమ్మేవాళ్లు, ఐసు ఫ్యాక్టరీలు, కమీషన్ ఏజెంట్లు. నెల్లూరును రొయ్యల రాజధాని అనేవారు. ముత్తుకూరు, ఇందుకూరుపేట మండలాల్లో రాత్రిపూట బయటికి వస్తే జనరేటర్ల మోత, గుంటల మీద లైట్ల వరస.

దేశంలో పెంపకపు రొయ్యల దిగుబడి 1990-91లో ముప్ఫై ఐదు వేల టన్నుల ప్రాంతంలో ఉండేది. 1994-95 నాటికి ఎనభై వేలు దాటింది. ఆ పెరుగుదలలో సింహభాగం మన తీరానిదే. కాగితం మీద చూస్తే అంత చక్కటి గీత ఇంకొకటి లేదు.

అదే సమయంలో ఇంకో గీత కూడా ఉంది. అది తైవాన్‌ది. టైగర్‌ను తొట్టిలో పుట్టించిన ఆ దేశమే దాన్ని పెంచడంలోనూ ప్రపంచానికి గురువు అయింది. 1987లో దాదాపు తొంభై వేల టన్నులు తీసింది. మరుసటి ఏడాది అది మూడో వంతుకు పడిపోయింది. ఎకరాకు పోయకూడనంత సీడ్ పోశారు, నీళ్లు కుళ్లాయి, రోగాలు చేరాయి. గుంటల కోసం మంచినీరు తోడితోడి పింగ్‌టుంగ్ తీరంలో నేల కుంగింది. ఇళ్లు కిందికి దిగాయి. ఆ పతనం తరవాత అక్కడి నిపుణులు, మేత, యంత్రాలు మిగతా ఆసియా దేశాలకు కదిలాయి. వాళ్ల చేతి పని మనం నేర్చుకున్నాం. వాళ్లకు ఏమైందన్నది మాత్రం ఎవరూ అడగలేదు. చెప్పినవాళ్లు ఉన్నా వినే తీరిక లేదు. 1993లో చైనా వంతు వచ్చింది. ఏడాదికి రెండు లక్షల టన్నులు తీసే చైనా ఒక్క ఏడాదిలో సగానికి పైగా పోగొట్టుకుంది. అక్కడ రొయ్య పెంకు మీద తెల్లటి మచ్చలు కనబడ్డాయి. ఆ వార్తకు మన దగ్గర కొందరు సంతోషించారు కూడా. చైనా సరుకు తగ్గితే మనకు ధర పెరుగుతుంది కదా అని.

ఇక కండలేరు పాయ సంగతి. గుంటకు నీళ్లు కావాలి. మోటారు పెట్టి పాయలోంచి తోడతారు. నాలుగు నెలల్లో మేత మిగులు, రొయ్యల మలం, చచ్చిన నాచు అన్నీ అడుగున బురదై పేరుకుంటాయి. నీళ్లు మార్చాలి. మార్చిన నీళ్లు పోయేది కూడా పాయలోకే. పైవాడు వదిలిన నీళ్లు కిందివాడి మోటారు తోడుతుంది. పోటు వస్తే కిందివాడు వదిలినవి పైకి ఎక్కి పైవాడి గుంటలోకి చేరతాయి. పాయకు సముద్రంలోకి ఉన్న నోరు ఒకటే. రోజుకు రెండుసార్లు నీరు వెనక్కీ ముందుకీ ఊగుతుంది తప్ప కడిగినట్టు పోదు. గుంటలు యాభై ఉన్నప్పుడు పాయ దాన్ని భరించింది. వేలు అయినప్పుడు ప్రతి గుంటలోనూ పక్క గుంట నీరే తిరిగింది. ఎవరికి వారు గట్టు వేసుకుని ఇది నాది అనుకున్నారు. గట్ల కింద మాత్రం అంతా ఒకే చెరువు. అడుగున అంత బురద చేరిన చోట నీళ్లు వదిలే తేదీని, తోడే తేదీని పంచుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. రెవెన్యూ శాఖ గుంటకు లైసెన్సు చూసింది, బ్యాంకు తాకట్టు చూసింది, కంపెనీ మేత అమ్మకం చూసింది. పాయను చూసే ఉద్యోగం ఎవరికీ లేదు.

1994 చివరి నెలలు. ఈశాన్య రుతుపవనాల వానలు పడుతున్నాయి, నీళ్లు చల్లబడుతున్నాయి. ఆ కాలమే తెల్లమచ్చ వైరస్‌కు అనువైన కాలమని తరవాత తెలిసింది. మొదట మేత తినడం తగ్గింది. చెక్‌ట్రే ఎత్తి చూస్తే వేసిన మేత వేసినట్టే ఉంది. పాడు నీళ్లనుకుని నీళ్లు మార్చారు. తెల్లారేసరికి రొయ్యలు గట్టు వెంట నీటి అంచున చేరాయి. ఆరోగ్యంగా ఉన్న రొయ్య పగలు గట్టుకు రాదు. చేతికి దొరికిందాన్ని పట్టి చూస్తే ఒళ్లు ఎర్రబడి ఉంది. తల పెంకు తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే లోపలి వైపు తెల్లటి చుక్కలు. ఆ చుక్కలు చూసిన రోజు నుంచి లెక్కపెడితే వారం, పది రోజులు. గుంటలో ఒక్క ప్రాణి మిగలదు.

అందరికంటే ముందు కాకులకు తెలిసేది. గట్ల మీద గుంపులుగా వాలి, చచ్చేవాటిని ఎత్తుకుపోయి పక్క గుంటలో సగం తిని వదిలేవి. అలా కూడా రోగం వ్యాపించింది. పీతలు గట్టుకు బొరియలు పెట్టి ఒక గుంట నుంచి ఇంకో గుంటకు వెళ్లేవి. వాటి ఒంట్లో వైరస్ ఉంటుంది, వాటికి ఏమీ కాదు. ఇన్ని దారులున్నా అన్నిటికంటే పెద్ద దారి మనిషి వేశాడు. చుక్కలు చూసిన రైతు ఏం చేశాడు? చచ్చేలోపు దొరికింది అమ్ముకుందామని ఆ రాత్రే తూము ఎత్తి నీళ్లు పాయలోకి వదిలి రొయ్యలు పట్టించాడు. నేను ఆ రైతును నిందించలేను. అప్పుల మీద వేసిన పంట. తెల్లారితే ఏజెంటు సగం ధర కూడా ఇవ్వడు. రోగం వచ్చిందని పొక్కితే అసలు రాడు. అందుకే ఎవరితోనూ అనలేదు. పక్క గుంటవాడు అన్న వరస, బావ వరస అయినా సరే. ఆ రాత్రి పాయలోకి చేరిన నీళ్లను తెల్లవారి పోటుకు ఆ బావే మోటారు పెట్టి తోడుకున్నాడు.

హేచరీలు కూడా చెప్పలేదు. నిజానికి చెప్పగలిగే స్థితిలోనూ లేవు. వైరస్ సముద్రంలోని తల్లి రొయ్యలకు చేరింది. పైకి తల్లి ఆరోగ్యంగానే ఉంటుంది. రేవు నుంచి తెచ్చిన అలసట, కంటి కాడ చిదిమిన గాయం, గుడ్లు పెట్టే భారం, వీటన్నిటితో ఒంట్లో అణగి ఉన్న వైరస్ ఒక్కసారిగా పెరుగుతుంది. తల్లి నుంచి పిల్లలకు చేరుతుంది. పిల్ల చిన్నగా ఉన్నప్పుడు బయటికి కనబడదు. పీసీఆర్ పరీక్ష ఇంకా మన తీరానికి రాలేదు. అందువల్ల ఒక్క తల్లి సంతానం ఒకే లారీలో ఎన్నో గుంటలకు చేరి, నెల తిరిగేసరికి అన్నిచోట్లా ఒకేసారి చచ్చింది. పంట పోయిన రైతు గుంట ఎండబెట్టి, సున్నం చల్లి, మళ్లీ అప్పు చేసి మళ్లీ సీడ్ తెచ్చాడు. రెండోసారీ పోయింది. మూడోసారికి కూడా చేయి చాపినవాళ్లు ఉన్నారు. మొదటి పట్టుబడిలో వచ్చిన డబ్బు కళ్లముందు ఉంటుంది కదా, ఈసారి రాకపోతుందా అనిపిస్తుంది. అప్పు తీరడానికి వరిలో దారి లేదు. తీరితే రొయ్యలోనే తీరాలి.

1995 ఏడాది పొడవునా నెల్లూరు, ప్రకాశం, గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల తీరాలు ఇలాగే గడిచాయి. పెద్ద కంపెనీలు ముందు మేత తగ్గించాయి, తరవాత మనుషుల్ని, ఆఖరున గేటుకు తాళం. షేర్లు కొన్న మధ్యతరగతివాళ్ల కాగితాలు బీరువాల్లో ఉండిపోయాయి. గుంటల మీద కాపలా కాసినవాళ్లు, మేత చల్లినవాళ్లు, పీలింగ్ షెడ్లలో వేళ్లు చివికిపోయేలా రొయ్య ఒలిచిన ఆడవాళ్లు ఏ లెక్కలోనూ లేరు. వాళ్లలో చాలామంది రెండు, మూడేళ్ల కిందటి దాకా ఆ వరికయ్యల్లో నాట్లు వేసినవాళ్లే. ఇప్పుడు కయ్యా లేదు, గుంటా లేదు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది తాగునీటి విషయం. ఉప్పునీరు నిలిచిన గుంట పక్కన బావి మంచిగా ఉండదు. ఉప్పు నేలలోకి దిగి అడుగు నీళ్లతో కలుస్తుంది. నెల్లూరు జిల్లాలోని ఒక మత్స్యకార గ్రామంలో ఆరు వందల మందికి తాగడానికి నీళ్లు లేకుండా పోయిన సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఊళ్లోకి డాలర్లు వస్తున్న ఆ రోజుల్లోనే ఆడవాళ్లు బిందెలు పట్టుకుని మైళ్లు నడిచారు. కంపెనీ కంచెలు అడ్డం వచ్చి మత్స్యకారుడు తన పడవ దగ్గరికి వెళ్లడానికి చుట్టు తిరిగాడు. రొయ్య పోయాక రైతు నష్టం అందరికీ తెలిసింది. బావి ఉప్పయినవాడి నష్టం రొయ్య ఉన్నప్పుడే మొదలైంది, రొయ్య పోయాకా పోలేదు.

అలా నష్టపోయినవాళ్ల గొంతు వినిపించింది తమిళనాడు నుంచి. నాగపట్నం ప్రాంతంలో భూమిలేని దళితుల కోసం జీవితాంతం పనిచేసిన సర్వోదయ కార్యకర్త ఎస్. జగన్నాథన్ 1994లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆయన, ఆయన భార్య కృష్ణమ్మాళ్ గాంధీ, వినోబాల బాటలో నడిచినవాళ్లు. కోర్టు నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరిని తీరానికి పంపింది. ఆ సంస్థ వేసిన లెక్కలో ఆంధ్ర తీరానికి రొయ్య తెచ్చే ఆదాయం కంటే రొయ్య వల్ల జరిగే నష్టం నాలుగు రెట్లు. 1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్‌దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్ తీర్పు చెప్పారు. అలల పోటు గీత నుంచి అయిదు వందల మీటర్లలోపు, పులికాట్, చిలికా సరస్సుల నుంచి వెయ్యి మీటర్లలోపు ఉన్న గుంటలను 1997 మార్చి 31 నాటికి తొలగించాలన్నారు. పాత పద్ధతిలో, తక్కువ సీడ్‌తో చేసే పెంపకాన్ని మినహాయించారు. పని పోయే కూలీలకు పరిహారం ఇవ్వమన్నారు. రొయ్య రైతుల్లో ఆ తీర్పును శాపంగా చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నా అభిప్రాయం వేరు. తీర్పు వచ్చేసరికి టైగర్ పడి రెండేళ్లయింది. అది నీళ్ల వాటా కోసం గట్టిగా అడిగిన ప్రశ్న. తీర్పుతో మా కూడు పోయిందన్న చిన్న రైతు మాటా నిజమే. కంపెనీకీ, రెండెకరాలవాడికీ ఒకే గీత గీస్తే రెండెకరాలవాడే ముందు పడతాడు.

సమీక్ష పిటిషన్లు పడ్డాయి, కూల్చివేత ఆగింది. 1997లో కేంద్రం ఆక్వాకల్చర్ అథారిటీని ఏర్పాటు చేసింది, 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది.

టైగర్ ఒక్కసారిగా మాయం కాలేదు. మరో పదిహేనేళ్లు కొనఊపిరితో సాగింది. ఆ రోజుల్లో ఒక మంచి పని జరిగింది, దాన్ని చెప్పకుండా ఈ కథ ముగించడం అన్యాయం. 2000 తరవాతి సంవత్సరాల్లో ఎంపెడా, ఆసియా దేశాల ఆక్వా సంస్థ నాకా కలిసి మన రాష్ట్రంలో చిన్న రైతులతో కూర్చున్నాయి. పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో కొద్దిమంది రైతులు జట్టు కట్టారు. ఒకే పాయ నీళ్లు తోడేవాళ్లంతా ఒకే వారంలో సీడ్ వేయడం, పరీక్ష చేయించిన సీడ్‌ను కలిసి కొనడం, తక్కువ ఒత్తుగా వేయడం, రోగం కనబడితే దాచకుండా అందరికీ చెప్పి తూము మూసేయడం. కొత్త యంత్రం ఏదీ లేదు, ఖరీదైన మందు లేదు. రోగం తగ్గింది, దిగుబడి పెరిగింది. ఆక్వా క్లబ్బుల పేరుతో అది వేరే ఊళ్లకు పాకింది. 2007లో చిన్న రైతుల సంఘాల కోసం నాక్సా అనే సంస్థ కూడా ఏర్పడింది. 1992లోనే కండలేరు ఒడ్డున ఆ జట్లు ఉండి ఉంటే వైరస్ రాకపోయేదని అనను. వచ్చేది. ఒక గుంట దగ్గరో, పది గుంటల దగ్గరో ఆగేది.

ఆ జట్లు వేళ్లూనేలోపే వెనామీ వచ్చింది. అమెరికా ఖండాల పసిఫిక్ తీరపు తెల్ల రొయ్య అది. 2009లో కేంద్రం దాని పెంపకానికి అనుమతి ఇచ్చింది. తల్లులు విదేశంలో రోగాలు లేకుండా పెంచినవి, చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో చూసి వదిలినవి. టైగర్ గుంట అడుగున మేస్తుంది, వెనామీ నీటిమధ్యలో కూడా తిరుగుతుంది కనుక ఒత్తుగా వేయవచ్చు. తొందరగా పెరుగుతుంది. ఐదారేళ్లలో టైగర్ గుంటలు దాదాపు అన్నీ వెనామీ గుంటలయ్యాయి. టైగర్ కోసం రేవులో పాట పాడేవాళ్లు లేరు. ట్రాలర్లు పట్టిన తల్లి రొయ్య మామూలు సరుకుతో కలిసి ఐసులోకి పోయింది. మన సముద్రంలో పుట్టి, మన పాయల్లో పెరిగిన జీవం మన గుంటల్లో పరాయిదైంది. ఈమధ్య కొన్నేళ్లుగా కొందరు రైతులు మళ్లీ టైగర్ వేస్తున్నారు. ఆ సీడ్‌కు తల్లులు విదేశాల్లో రోగరహితంగా పెంచిన వంశాలవి. మన తీరపు రొయ్యను మనం బయటినుంచి దిగుమతి చేసుకుంటున్నాం.

వెనామీ ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది. రొయ్యల పెంపకంలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటి స్థానంలో ఉంది. కానీ తెల్లమచ్చ వెనామీని వదలలేదు. ఈహెచ్‌పీ అనే కొత్త తెగులు రొయ్యను చంపకుండా ఎదగకుండా ఆపేస్తుంది. నెలల తరబడి మేత పోసినా కౌంట్ దిగదు, రైతు అప్పుతోనే మిగులుతాడు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేయగానే ఇక్కడ ధరలు పడ్డాయి. అప్పుడు జపాన్, ఇప్పుడు అమెరికా. మన పంట ధర మన చేతిలో లేదు. పాయ మాత్రం మన చేతిలోనే ఉంది, దాన్ని కూడా ఇంకా పంచుకోలేదు.

అందుకే రొయ్య వేసే రైతుకు ఒక మాట. మీ గుంట ఏ పాయ నీళ్లు తోడుతుందో ఆ పాయ మీద ఉన్న మిగతావాళ్లను ఈ పంటకు ముందే వెళ్లి కలవండి. సీడ్ వేసే తేదీ కలిసి నిర్ణయించుకోండి. పరీక్ష చేయించని సీడ్ ఎంత చవకగా వచ్చినా దించుకోకండి. చుక్క కనబడిన రోజు తూము ఎత్తకండి, బ్లీచింగ్ వేసి నీళ్లు అక్కడే ఆపండి. ఏజెంటుకు ఫోన్ చేసే ముందు పక్క గుంటవాడికి చెప్పండి.